ఒడిశా సరిహద్దు జిల్లాల నుంచి బెర్లిన్‌లో ఎంబీఏ: తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం, రాయగడ, జయపురం ప్రాంతాల్లోని తెలుగు కుటుంబాలవారు విదేశీ ఎంబీఏ గురించి నన్ను అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకే విధంగా ఉంటాయి. నేను పర్లాకిమిడిలో పెరిగాను. డిగ్రీ తరువాత నాలుగేళ్లు ఒక జీడిపప్పు మిల్లులో సరుకు లెక్కలు చూసి, ఆ అనుభవంతోనే బెర్లిన్‌లోని ఒక ప్రభుత్వ విద్యాసంస్థలో ఎంబీఏ పూర్తి చేశాను. విడివిడిగా చెబుతూ వచ్చిన జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాను. రుసుములు, వీసా నిబంధనలు మారుతూ ఉంటాయి కనుక డబ్బు కట్టే ముందు ప్రతి అంకెనూ కాన్సులేటు ప్రకటనతోనూ, విద్యాసంస్థ ప్రకటనతోనూ సరిచూసుకోవాలి.

"ఆచరణ ప్రధానమైన ఎంబీఏ" అని ప్రతి సంస్థా చెప్పుకుంటుంది. జర్మనీలో ఆ మాటకు ప్రత్యేకమైన అర్థం ఏమైనా ఉందా?

ఉంది. జర్మనీలో ఉన్నత విద్య ప్రధానంగా రెండు శాఖలుగా నడుస్తుంది. ఒకటి పరిశోధన ప్రధానమైన విశ్వవిద్యాలయం. రెండవది "హోఖ్‌షూలె" అని పిలిచే అనువర్తిత శాస్త్రాల విద్యాసంస్థ. 1968లో పశ్చిమ జర్మనీ రాష్ట్రాలు తమలో తాము ఒప్పందం చేసుకొని, అంతవరకు ఉన్న ఇంజనీరింగు, వాణిజ్య వృత్తి పాఠశాలల స్థాయిని పెంచి ఈ రెండవ శాఖను ఏర్పరిచాయి. ఇక్కడ ప్రొఫెసరు కావాలంటే డాక్టరేటు ఒక్కటే సాధారణంగా సరిపోదు. కనీసం ఐదేళ్ల వృత్తి అనుభవం ఉండాలి, అందులో మూడేళ్లయినా విద్యాసంస్థల బయట పనిచేసి ఉండాలి. అంటే మీకు సరుకు నిల్వల గురించి పాఠం చెప్పే వ్యక్తి ఒకప్పుడు గోదాము నడిపినవారో, కంపెనీలో కొనుగోళ్లు చూసినవారో అయి ఉంటారు. ఆ తేడా మొదటి వారంలోనే తెలిసిపోతుంది.

తరగతి స్వరూపం కూడా వేరుగా ఉంటుంది. ఉపన్యాసాలు తక్కువ. ఒక ఊహాకంపెనీని జట్లవారీగా నడిపే వ్యాపార క్రీడలు, నిజమైన కంపెనీ ఇచ్చిన సమస్య మీద నెలల తరబడి సాగే ప్రాజెక్టు, చివర ఒక కంపెనీతో కలిసి రాసే సిద్ధాంత వ్యాసం, వీటికే ఎక్కువ మార్కులు ఉంటాయి.

నా అనుభవం ఒకటి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ చదువు ఎవరికి ఉపయోగమో అందులోనే ఉంది. ఐదుగురు సభ్యులున్న మా జట్టుకు సుగంధ ద్రవ్యాలు, తేయాకు పొట్లాలు కట్టే ఒక చిన్న కుటుంబ సంస్థను అప్పగించారు. గోదాములో ఏటా కొంత సరుకు లెక్కకు రావడం లేదని, అది దొంగతనమో, లెక్క తప్పో తేల్చాలని యజమాని కోరారు. జట్టులో మిగిలిన నలుగురూ కంప్యూటరు పట్టికలు తీసి పెట్టెల సంఖ్య, రాకపోకల తేదీలు సరిచూడడం మొదలుపెట్టారు. నేను అడిగిన ప్రశ్న ఒక్కటే: సరుకు లోపలికి వచ్చినప్పుడు తూచారు సరే, పొట్లం కట్టే ముందు మళ్లీ తూచారా? జీడి మిల్లులో పనిచేసినవారికి ఈ ప్రశ్న సహజంగా వస్తుంది. ఏప్రిల్‌లో ఎనభై కిలోలుగా కొన్న పిక్కల బస్తా ఎండి, ఆరి, జూన్ నాటికి ఎనభై కిలోలు తూగదు. ఆ తరుగును ముందే లెక్కలో వేసుకోకపోతే కూలీలను అనుమానించవలసి వస్తుంది. అక్కడ కూడా జరిగింది అదే. బరువుతో కొని, పెట్టెల లెక్కన నిల్వ రాసి, మళ్లీ బరువుతో అమ్ముతున్నారు. మధ్యలో ఆవిరైన తేమ పుస్తకాల్లో దొంగతనంగా కనిపిస్తోంది. మా నివేదిక మొత్తం ఆ ఒక్క అంశం చుట్టూ నిలిచింది. అంతకుముందు రెండు నెలలు తరగతిలో పెద్దగా నోరు విప్పని నన్ను, ఆ రోజు తరువాత జట్టువారు అడిగి మరీ మాట్లాడించారు.

డిగ్రీ పూర్తికాగానే నేరుగా వెళ్లవచ్చా?

జర్మనీలో ఎంబీఏను ఉద్యోగానుభవం ఉన్నవారి కోసం ఉద్దేశించిన కొనసాగింపు విద్యగా పరిగణిస్తారు. కాబట్టి డిగ్రీ తరువాత కనీసం ఒకటి రెండేళ్ల పని అనుభవం అడుగుతారు. ఎంబీఏ కార్యక్రమాలకు గుర్తింపు ఇచ్చే అంతర్జాతీయ సంస్థ ఆంబా గుర్తింపు ఉన్న కార్యక్రమాలైతే మూడేళ్ల అనుభవాన్ని ఆశిస్తాయి. అనుభవం లేకుండా చేర్చుకుంటామని ఎవరైనా ముందుకు వస్తే, అది ఎంబీఏ పేరు పెట్టుకున్న మామూలు మేనేజ్‌మెంటు మాస్టర్సు అయినా కావచ్చు, ఫీజు కోసం నడిచే సంస్థ అయినా కావచ్చు.

నిబంధన సంగతి పక్కన పెట్టినా, అనుభవం లేకుండా వెళ్లవద్దనే నేను గట్టిగా చెబుతాను. ఇది మనం చేసిన పనిని బల్ల మీద పెట్టి దాని మీద నేర్చుకొనే చదువు. బల్ల మీద పెట్టడానికి ఏమీ లేనివారికి ఇరవై లక్షలు ఖర్చయినా తరగతి పక్కవారి అనుభవం వినడంతోనే గడిచిపోతుంది.

మాకు బరంపురంలో పట్టుచీరల దుకాణం ఉంది. మా అబ్బాయి డిగ్రీ నుంచీ అక్కడే కూర్చుంటున్నాడు. అది ఉద్యోగానుభవంగా చెల్లుతుందా?

కాగితం ఉంటే చెల్లే అవకాశం ఉంది. లేకపోతే చెల్లదు. మన ప్రాంతంలో కుటుంబ వ్యాపారంలో పనిచేసే పిల్లలకు జీతం ఇచ్చే అలవాటు లేదు. ఇంట్లో తిని, దుకాణంలో పనిచేసి, అవసరమైనప్పుడు గల్లాలోంచి తీసుకుంటారు. ప్రవేశాలు చూసే అధికారికి ఆ ఏర్పాటు అర్థం కాదు. అందుచేత వెళ్లదలచిన రెండు మూడేళ్ల ముందునుంచే నియామక పత్రం రాసుకోవడం, ప్రతినెలా బ్యాంకు ఖాతా ద్వారా జీతం వేయడం, అబ్బాయి పేరు మీద ఆదాయపు పన్ను రిటర్ను దాఖలు చేయడం, దుకాణం జీఎస్టీ నమోదు పత్రం సిద్ధంగా ఉంచుకోవడం అవసరం.

అనుభవ ధ్రువపత్రంలో "దుకాణ వ్యవహారాలు చూశాడు" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ఎంతమంది నేతగాళ్లకు నూలు ఇచ్చి చీర తీసుకుంటారు, పెళ్లిళ్ల సీజనుకు ఎన్ని నెలల ముందు నిల్వ పెడతారు, అరువు ఎన్ని రోజులకు వసూలవుతుంది, అతను వచ్చాక అందులో ఏమి మారింది, ఇవి రాయాలి. బరంపురం పట్టుకు భౌగోళిక గుర్తింపు ఉంది. దాని మీద ఒక సిద్ధాంత వ్యాసానికి సరిపడా విషయం ఉంది. ఆ దుకాణంలో పెరిగిన అబ్బాయి దాన్ని చిన్నతనంగా భావించి దాచుకోవడం నన్ను నిజంగా బాధపెడుతుంది.

మా ధ్రువపత్రాల్లో పేర్లు ఒక్కొక్కచోట ఒక్కొక్క విధంగా ఉన్నాయి. ఇది పెద్ద సమస్యా?

సరిహద్దు తెలుగువారికి ఇదే మొదటి సమస్య. అన్నిటికంటే ముందు దీన్నే సరిచేసుకోవాలి. మన ఇంటిపేరు ముందు వస్తుంది, ఒడియావారి ఇంటిపేరు చివర వస్తుంది. బడిలో చేర్చే రోజున గుమాస్తా ఒడియాలో రాసుకొని, తరువాత దాన్ని ఇంగ్లీషులోకి మారుస్తాడు. ఆ ప్రయాణంలో వేంకటరావు "భెంకట రావు" అవుతాడు, పాత్రుడు "పాత్రో" అవుతాడు, అసలు ఇంటిపేరు పొడి అక్షరంగా మిగులుతుంది లేదా పూర్తిగా మాయమవుతుంది. పాస్‌పోర్టు తీసుకునే సమయానికి అన్నకు "రావు" ఇంటిపేరుగానూ, చెల్లెలికి "కుమారి" ఇంటిపేరుగానూ నమోదైన కుటుంబాలను నేను చూశాను.

జర్మనీలో ఇంటిపేరుకూ, వ్యక్తి పేరుకూ వేర్వేరు గడులు ఉంటాయి. అద్దె ఒప్పందం, బ్యాంకు, బీమా, నివాసపు అనుమతి, అన్నిటిలోనూ పాస్‌పోర్టులో ఉన్నట్లే పేరు రావాలి. కాబట్టి ముందు పాస్‌పోర్టులో పేరు ఎలా ఉండాలో నిర్ణయించుకోండి. ఇంటిపేరు గడిని ఖాళీగా వదలకండి. తరువాత కటక్‌లోని మాధ్యమిక విద్యా బోర్డు ఇచ్చిన పదో తరగతి ధ్రువపత్రంతో పోల్చి, తేడా ఉంటే అక్కడినుంచే సవరణ మొదలుపెట్టండి, ఎందుకంటే ఆ తరువాతి పత్రాలన్నీ దాన్నే ఆధారం చేసుకుంటాయి. సవరణ సాధ్యం కాని చోట, రెండు పేర్లూ ఒకే వ్యక్తివని తెలిపే అఫిడవిట్ చేయించాలి. ఒడియాలో ఉన్న జనన ధ్రువపత్రానికి ఇంగ్లీషు అనువాదం తయారుగా ఉంచుకోవాలి. ఈ పనికి ఆరు నెలలు పట్టినా ఆశ్చర్యపోకండి.

మూడేళ్ల బీకాం, బీఏ, బీఎస్సీ సరిపోతుందా? మార్కులు తక్కువైతే?

ఐరోపా దేశాలు 1999లో బొలోన్యాలో చేసుకున్న అంగీకారం తరువాత చదువును క్రెడిట్లలో కొలుస్తున్నారు. జర్మనీలో ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల శ్రమ, అందులో తరగతితో పాటు ఇంటి దగ్గర చదువుకునే సమయం కూడా కలిసి ఉంటుంది. మూడేళ్ల డిగ్రీ అక్కడి లెక్కలో 180 క్రెడిట్లు. మాస్టర్సు పట్టా అందేనాటికి మొత్తం 300 ఉండాలన్నది అక్కడి సాధారణ సూత్రం. ఎంబీఏ 60 క్రెడిట్లదో, 90 క్రెడిట్లదో అయినప్పుడు మూడేళ్ల డిగ్రీ ఉన్నవారికి లోటు మిగులుతుంది. కొన్ని సంస్థలు ఉద్యోగానుభవాన్ని పరిగణించి ఆ లోటు పూరిస్తాయి, కొన్ని అదనపు పాఠ్యాంశాలు చదవమంటాయి, కొన్ని 210 లేదా 240 క్రెడిట్లు లేనిదే దరఖాస్తునే స్వీకరించవు. దరఖాస్తు రుసుము కట్టేముందే ఈమెయిలు రాసి అడగడం మంచిది. నాలుగేళ్ల బీటెక్ చదివినవారికి ఈ చిక్కు చాలావరకు ఉండదు.

మార్కుల విషయంలో అక్కడి కొలమానం మనకు తలకిందులు. 1.0 అత్యుత్తమం, 4.0 కనీస ఉత్తీర్ణత. మార్చడానికి వాడే సూత్రం సులభమైనదే. గరిష్ఠ మార్కుల్లోంచి మీ మార్కులు తీసివేసి, దాన్ని గరిష్ఠానికీ ఉత్తీర్ణతకూ మధ్య ఉన్న తేడాతో భాగించి, మూడుతో గుణించి, ఒకటి కలపాలి. ఉత్తీర్ణత 40 అయిన చోట 64 శాతం వచ్చిన విద్యార్థికి 36ను 60తో భాగిస్తే 0.6, మూడు రెట్లు 1.8, ఒకటి కలిపితే 2.8. ఎంబీఏలో ఉద్యోగానుభవానికి విలువ ఎక్కువ కనుక ఈ అంకెను చూసి ముందే వెనుకంజ వేయనవసరం లేదు.

ఏపీఎస్ ధ్రువపత్రం అంటే ఏమిటి?

భారతదేశంలో పొందిన పట్టాలు నిజమైనవేనని, జర్మనీలో చదవడానికి అర్హమైనవని ఢిల్లీలోని జర్మన్ రాయబార కార్యాలయపు విద్యా మూల్యాంకన కేంద్రం ఇచ్చే పత్రం ఇది. 2022 నవంబరు 1 నుంచి విద్యార్థి వీసాకు ఇది తప్పనిసరి. రుసుము 18,000 రూపాయలు. ప్రతి సెమిస్టరు మార్కుల జాబితా కావాలి. బరంపురం విశ్వవిద్యాలయం పరిధిలో చదివినవారు తమ కాలేజీ ఇచ్చిన జాబితాలతో సరిపెట్టుకోకుండా, పోయినవాటికి నకళ్లు విశ్వవిద్యాలయం నుంచే తెప్పించుకోవాలి. ప్రవేశం ఖరారయ్యేదాకా ఆగకుండా ఈ దరఖాస్తును ముందే పెట్టుకోండి.

మొత్తం ఎంత ఖర్చవుతుంది? జర్మనీలో చదువు ఉచితం అంటారు కదా?

ప్రభుత్వ సంస్థల్లో చాలా డిగ్రీ, మాస్టర్సు కోర్సులకు బోధనా రుసుము లేదన్న మాట నిజం. కాని కొనసాగింపు విద్య కావడం వల్ల ఎంబీఏకు ప్రభుత్వ హోఖ్‌షూలెల్లో కూడా ఫీజు ఉంటుంది. సాధారణంగా అది పది వేల యూరోలు దాటుతుంది. ప్రైవేటు బిజినెస్ స్కూళ్లలో దానికి మూడు నాలుగు రెట్లు కూడా ఉండవచ్చు. ఈ విషయం తెలియక "ఉచితం" అన్న ఒక్క మాట పట్టుకొని బయలుదేరి, ప్రవేశపత్రం వచ్చాక ఫీజు చూసి వెనక్కి తగ్గినవారు ఉన్నారు.

దీనికి తోడు జీవనవ్యయం. వీసాకు ముందు "నిరోధిత ఖాతా"లో ఏడాదికి 11,904 యూరోలు జమ చేయాలి. అక్కడికి వెళ్లాక అందులోంచి నెలకు 992 యూరోలు చొప్పున మాత్రమే తీసుకోవచ్చు. యూరో వంద రూపాయల చుట్టూ ఉంటే ఇది సుమారు 12 లక్షలు. బెర్లిన్‌లో గది అద్దెలు పెరిగిపోయాయి కనుక ఈ సొమ్ముతో ఇరుకుగానే గడుస్తుంది. మొదటి మూడు నెలలకు దీనికి అదనంగా కొంత చేతిలో ఉంచుకోమని నేను ప్రతి కుటుంబానికీ చెబుతాను.

విద్యారుణానికి మా తాతగారి భూమి హామీగా పెట్టవచ్చా? భూమి పాతపట్నం వైపు ఉంది, మేము పర్లాకిమిడిలో ఉంటున్నాము.

సాధారణ పథకం ప్రకారం నాలుగు లక్షల వరకు హామీ అక్కరలేదు, ఏడున్నర లక్షల వరకు మరొకరి పూచీకత్తు చాలు, అది దాటితే స్థిరాస్తి అడుగుతారు. విదేశీ ఎంబీఏకు అయ్యే మొత్తం ఆ హద్దును ఎలాగూ దాటుతుంది. పేరున్న కొన్ని బిజినెస్ స్కూళ్లకు హామీ లేకుండానే ఇచ్చే పథకాలు కొన్ని బ్యాంకుల దగ్గర ఉంటాయి, అది విడిగా అడగాలి.

మన కుటుంబాల్లో ఎక్కువ మందికి ఉన్నది మహేంద్రతనయ నదికి అవతల, శ్రీకాకుళం జిల్లాలో, తాతల నాటి పొలం. వ్యవసాయ భూమిని చాలా బ్యాంకులు హామీగా తీసుకోవు. కారణం స్పష్టమైనదే. అప్పు తీరకపోతే కోర్టుకు వెళ్లకుండా ఆస్తిని స్వాధీనం చేసుకొనే అధికారం ఇచ్చిన 2002 నాటి సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. కాబట్టి ఇల్లు, ఇంటిస్థలం, దుకాణం వంటివాటినే చూపవలసి ఉంటుంది. అది రాష్ట్రం అవతల ఉంటే లింకు దస్తావేజులు, ఆస్తి మీద తాకట్లు ఉన్నాయో లేదో తెలిపే ఈసీ అక్కడి సబ్‌రిజిస్ట్రారు కార్యాలయం నుంచి తెచ్చి, తెలుగు దస్తావేజులకు ఇంగ్లీషు అనువాదం జోడించి, బ్యాంకు న్యాయవాది అభిప్రాయం కోసం వేచి ఉండాలి. పంపకాలు కాని ఉమ్మడి ఆస్తి అయితే పెదనాన్నలు, బాబాయిలు, మేనత్తలు కూడా సంతకాలు చేయవలసి వస్తుంది. ఆ మాట చివరి వారంలో ఎత్తితే మనస్పర్థలు వస్తాయి, ఏడాది ముందు కూర్చొని మాట్లాడుకుంటే రావు. రాయగడ, కొరాపుట్ జిల్లాలు, గజపతిలో కొన్ని బ్లాకులు షెడ్యూల్డు ప్రాంతాలు. అక్కడి ఆస్తులకు గిరిజనుల భూముల బదిలీపై 1956 నాటి నిబంధనలు అడ్డువస్తాయేమో న్యాయవాదిని ముందే సంప్రదించాలి.

వీసాకు ఎక్కడ దరఖాస్తు చేయాలి? విశాఖపట్నం దగ్గర కదా?

దగ్గరే, కాని నివాసం ఒడిశాలో ఉన్నవారు కోల్‌కతాలోని జర్మన్ కాన్సులేట్ పరిధిలోకి వస్తారు. ఆంధ్ర, తెలంగాణలవారు చెన్నై పరిధిలోకి వస్తారు. విశాఖలోని మేనమామగారి చిరునామా వేసుకొని చెన్నైకి దరఖాస్తు పంపుదామనుకోవడం మంచిది కాదు. పాస్‌పోర్టు, ఆధార్, బ్యాంకు పుస్తకం ఒడిశా చిరునామా చూపిస్తుండగా దరఖాస్తు మాత్రం వేరే రాష్ట్రం చూపిస్తే లేనిపోని ప్రశ్నలు ఎదురవుతాయి. జాతీయ వీసా రుసుము 75 యూరోలు.

వీసా నిరాకరిస్తే కాన్సులేటుకే పునఃపరిశీలన కోరుతూ రాసే సౌకర్యం ఇదివరకు ఉండేది. 2025 జూలై 1 నుంచి దాన్ని రద్దుచేశారు. ఇప్పుడు మళ్లీ కొత్తగా దరఖాస్తు చేయడమో, బెర్లిన్‌లోని పాలనా న్యాయస్థానానికి వెళ్లడమో తప్ప మార్గం లేదు. అందుకే మొదటి దరఖాస్తే లోపం లేకుండా ఉండాలి.

మా పిల్లలు ఒడియా మాధ్యమంలో చదివారు, ఇంట్లో తెలుగు. ఇంగ్లీషు ఎంబీఏ నడపగలరా? జర్మన్ కూడా కావాలా?

ప్రవేశానికి సాధారణంగా ఐఈఎల్‌టీఎస్‌లో 6.5 లేదా దానికి సమానమైన స్కోరు కోరుతారు. ఏ మాధ్యమంలో చదివారన్నది ఎవరూ అడగరు. సరిహద్దు పిల్లలకు ఒక బలం ఉంది. వారు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, రైలులో హిందీ మాట్లాడుతూ, ఎదుటివారికి అర్థమయ్యేదాకా మాట మార్చి చెప్పడం చిన్నప్పటినుంచే అలవాటు చేసుకొని ఉంటారు. పది దేశాలవారు కూర్చున్న జట్టులో ఆ అలవాటు చాలా పనికివస్తుంది.

జర్మన్ విషయంలో మాత్రం నేను మొహమాటం లేకుండా చెబుతాను. తరగతి ఇంగ్లీషులో నడుస్తుంది, ఉద్యోగం చాలావరకు జర్మన్‌లో ఉంటుంది. బెర్లిన్‌లో ఇంగ్లీషుతోనే నడిచే కొత్త కంపెనీలు ఉన్న మాట నిజమే అయినా, ఆ కొద్ది ఉద్యోగాల కోసం ప్రపంచమంతా పోటీపడుతుంది. జర్మనీ ఆర్థిక వ్యవస్థకు ఆధారమైన మధ్యతరహా కుటుంబ సంస్థల్లో సమావేశాలు, ఒప్పందాలు, భోజనాల దగ్గర మాటలు, అన్నీ జర్మన్‌లోనే సాగుతాయి. మన కుటుంబ వ్యాపారాల్లో పెరిగినవారికి సరిగ్గా సరిపోయే చోటు అదే. భాషా స్థాయిలను ఏ1 నుంచి సీ2 వరకు ఆరు మెట్లుగా లెక్కిస్తారు. బయలుదేరేలోపు ఏ2 స్థాయి, చదువు ముగిసేలోపు బీ1 దాటి బీ2 వైపు వెళ్లడం లక్ష్యంగా పెట్టుకోవాలి. నేను ఏ1 స్థాయితో వెళ్లాను. మొదటి ఏడాది నాకు దక్కకుండా పోయిన అవకాశాల్లో సగం దానివల్లే పోయాయి.

మంచి సంస్థను ఎలా గుర్తించాలి? కన్సల్టెన్సీ ద్వారా వెళ్లవచ్చా?

మొదట ఆ సంస్థకు జర్మన్ రాష్ట్ర ప్రభుత్వ గుర్తింపు ఉందో లేదో చూడాలి. విదేశీ, స్వదేశీ విద్యాసంస్థల స్థాయిని తెలిపే "అనాబిన్" అనే అధికారిక పట్టిక ఉంది. అందులో "హెచ్ ప్లస్" అని ఉంటే గుర్తింపు ఉన్నట్లు. మీరు ఇక్కడ చదివిన విశ్వవిద్యాలయానికి కూడా అదే పట్టికలో ఆ గుర్తు ఉండాలి. ఆపైన వ్యాపార విద్యకు ప్రత్యేకమైన గుర్తింపులు ఉన్నాయి: ఏఏసీఎస్‌బీ, ఈక్విస్, ఆంబా, జర్మన్ మాట్లాడే దేశాల్లో ఫిబా. బెర్లిన్‌లో 2009లో రెండు సంస్థల కలయికతో ఏర్పడిన హెచ్‌డబ్ల్యూఆర్ ప్రభుత్వ రంగంలో ఉంది. 2002లో కంపెనీలు కలిసి స్థాపించిన ఈఎస్‌ఎంటీ ప్రైవేటు రంగంలో ఉంది. ఈ రెండింటి పాఠ్యప్రణాళికలు పక్కపక్కన పెట్టుకొని చదివితే ఫీజులో తేడా దేనికో తెలుస్తుంది.

సగం తరగతులు ఆన్‌లైన్‌లో నడిచే కార్యక్రమాల జోలికి వెళ్లవద్దు. విద్యార్థి నివాసానుమతి ప్రత్యక్షంగా హాజరయ్యే చదువు కోసమే ఇస్తారు. అటువంటి మిశ్రమ పద్ధతి కోర్సుల్లో చేరినవారు బెర్లిన్‌లోనే నివాసానుమతి విషయంలో తీవ్రమైన ఇబ్బందులు పడ్డారు.

కన్సల్టెన్సీలన్నీ చెడ్డవి కావు, అయితే "మీ దగ్గర రుసుము తీసుకోము" అనే సంస్థకు కాలేజీ కమిషన్ ఇస్తుందని గుర్తుంచుకోవాలి. నేను మొదట వెళ్లిన కన్సల్టెన్సీవారు నాకు మూడు ప్రైవేటు సంస్థల పేర్లే చూపించారు. ప్రభుత్వ హోఖ్‌షూలెలు ఉన్నాయన్న మాటే ఎత్తలేదు. వాటి సంగతి ఒక సహప్రయాణికుడి ద్వారా తెలిసేసరికి ఒక సెమిస్టరు గడువు దాటిపోయింది.

ప్రేరణ లేఖ ఎలా రాయాలి?

ఈ చదువు ఎందుకు కోరుకుంటున్నారో చెబుతూ దరఖాస్తుతో పంపే లేఖ ఇది. సరళంగా, చేసిన పనిని చూపుతూ రాయాలి. జనం మాట్లాడే భాషే రాతలోనూ ఉండాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు పర్లాకిమిడి. ఆ ఊరి పిల్లలు కొనుక్కొచ్చిన నమూనా లేఖలోని బరువైన ఇంగ్లీషు వాక్యాలను తమ పేరు కింద పంపడం చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది. "నేను వచ్చేనాటికి అరువు వసూలుకు తొంభై రోజులు పట్టేది, ఇలా చేసి అరవైకి తెచ్చాను" అన్న వాక్యం, అది నిజమైనప్పుడు, ఒక పేజీ విశేషణాలకంటే బలమైనది.

చదువుతూ పనిచేసుకోవచ్చా?

ఏడాదికి 140 పూర్తి దినాలు లేదా 280 అర దినాలు పనిచేయవచ్చు. ఈ పరిమితి 2024 మార్చిలో పెరిగింది. కనీస వేతనం 2026 జనవరి నుంచి గంటకు 13.90 యూరోలు. దీనితో జేబుఖర్చు, కొంత అద్దె గడుస్తాయి, ఫీజు తీరదు. ఆహారం ఇంటింటికీ చేర్చే పనికంటే, తక్కువ గంటలైనా సరే, మీ రంగానికి చెందిన కంపెనీలో విద్యార్థి ఉద్యోగం వెతుక్కోండి. సిద్ధాంత వ్యాసానికి అంశం, ఆ తరువాత ఉద్యోగం తరచుగా అక్కడినుంచే వస్తాయి.

నాకు ముప్పై రెండేళ్లు. ఆలస్యమైపోయిందా?

చదువుకు ఆలస్యం కాలేదు. ఎంబీఏ తరగతిలో ఆ వయసువారు చాలామంది ఉంటారు. కాని ప్రభుత్వ ఆరోగ్య బీమాలో విద్యార్థులకు ఇచ్చే తగ్గింపు రుసుము ముప్పై ఏళ్లు నిండేవరకే వర్తిస్తుంది. ఆ వయసు దాటినవారు బీమాకు ఎక్కువ కేటాయించుకోవాలి. చౌకగా దొరికే ప్రయాణ బీమా నివాసానుమతికి పనికిరాకపోవచ్చు.

మా అమ్మాయిని అంత దూరం పంపడానికి పెద్దవాళ్లు భయపడుతున్నారు.

భయం సహజమే. మా అమ్మ కూడా భయపడింది. మన ప్రాంతానికి ఇది కొత్త దారి కాదు. బరంపురంలో పుట్టిన తెలుగువారు వి.వి. గిరిగారు 1913లోనే న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్లారు. ఓడ ప్రయాణం, నెలకొక ఉత్తరం ఉన్న కాలమది. ఇప్పుడు అమ్మాయి రోజూ ఫోనులో కనిపిస్తుంది. బియ్యం, కందిపప్పు, చింతపండు బెర్లిన్‌లోని భారతీయ దుకాణాల్లో దొరుకుతాయి. పెద్దలు నిజంగా పట్టించుకోవలసింది గది విషయం. డబ్బు ముందే పంపమనే మోసగాళ్లు ఎక్కువ కనుక, గది చూడకుండా, ఒప్పందం చేతికి రాకుండా అడ్వాన్సు పంపవద్దు. విద్యార్థి వసతిగృహానికి ప్రవేశపత్రం వచ్చిన రోజే దరఖాస్తు పెట్టాలి.

చదువు పూర్తయ్యాక ఏమిటి? తిరిగివస్తే ఈ పట్టా ఇక్కడ చెల్లుతుందా?

ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల వరకు నివాసానుమతి ఇస్తారు. ఆ కాలంలో ఏ పనైనా చేయవచ్చు. అర్హతకు తగిన ఉద్యోగం దొరికితే ఆ అనుమతికి మారవచ్చు.

ఇక్కడ ప్రైవేటు ఉద్యోగానికీ, సొంత వ్యాపారానికీ ప్రత్యేక గుర్తింపు అక్కరలేదు. ప్రభుత్వ ఉద్యోగానికో, పీహెచ్‌డీకో వెళ్లదలచినవారు విదేశీ పట్టా ఇక్కడి పట్టాతో సమానమని తెలిపే సమానత్వ ధ్రువపత్రం తీసుకోవాలి. దానికి సంబంధించి యూజీసీ 2025 ఏప్రిల్‌లో కొత్త నిబంధనలు తెచ్చింది. ఏడాదిలో ముగిసే ఎంబీఏ ఎంచుకొనేవారు వాటిని ముందే చదవాలి.

బెర్లిన్‌లో దిగిన వెంటనే చేయవలసిన పనులు ఏవి?

నివాసంలో చేరిన రెండు వారాల్లోగా పౌర కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. దానికి ఇంటి యజమాని సంతకం చేసిన ధ్రువీకరణ పత్రం కావాలి. బ్యాంకు ఖాతా, పన్ను సంఖ్య, నివాసానుమతి, అన్నీ ఆ నమోదు మీదే ఆధారపడి ఉంటాయి. కార్యాలయ సమయాలు దొరకడం కష్టం కనుక విమానం ఎక్కకముందే ఆన్‌లైన్‌లో సమయం తీసుకోండి. తాత్కాలికంగా దిగే చోట ఆ సంతకం ఇస్తారో లేదో ముందే రాతపూర్వకంగా అడగండి. పేరుపలక మీద మీ ఇంటిపేరు లేకపోతే తపాలా మనిషి ఉత్తరం వెనక్కి తీసుకుపోతాడు. బీమా కార్డు, బ్యాంకు రహస్య సంఖ్య వంటివి చాలావరకు తపాలాలోనే వస్తాయి. కాబట్టి గది తాళాలు చేతికి వచ్చిన రోజునే, పాస్‌పోర్టులో ఉన్న ఇంటిపేరును ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఉత్తరాల డబ్బాకు అంటించండి.